గోల్ఫ్ బ్యాగులో 3, 4 నంబరు ఐరన్లు ఉంచుకోవాలా, హైబ్రిడ్‌కు మారాలా?

గోల్కొండ_గజం:

సభ్యులందరికీ నమస్కారం. నా వయసు 46, గోల్ఫ్‌లో హ్యాండిక్యాప్ (ఆట స్థాయి చెప్పే అంకె, తక్కువైతే మేలు) 18. హైదరాబాదులో వారానికి ఒక్కసారి, ఆదివారం తెల్లవారగానే ఆడతాను. నాలుగేళ్ళ కిందట అమెరికా నుంచి తిరిగివచ్చిన మా బావగారు తన పాత ఫోర్జ్‌డ్ ఐరన్ల (సన్నటి లోహపు తలల క్లబ్బుల) సెట్టు నాకు ఇచ్చేశారు. 3 నుంచి పిచింగ్ వెడ్జ్ (దగ్గరి షాట్లకు వాడేది) వరకు మొత్తం ఎనిమిది క్లబ్బులు; నంబరు తగ్గేకొద్దీ బంతి ఎక్కువ దూరం పోవాలి. వాటిలో 6 నంబరు వరకు నాకు ఏ ఇబ్బందీ లేదు. 5తో పది బంతులు కొడితే ఆరు చెప్పుకోదగ్గవిగా వస్తాయి. 4, 3 మాత్రం బ్యాగులో ఉన్నాయంటే ఉన్నాయి.

పోయిన ఆదివారం 165 గజాల పార్ 3 (మూడు దెబ్బల్లో ముగించవలసిన హోల్) దగ్గర క్యాడీని (బ్యాగు మోసే అతన్ని) 4 ఐరన్ అడిగాను. అతను దాన్ని బ్యాగులోంచి సగం పైకి లాగి, ఆగి, "సాబ్, 5 వుడ్ తీసుకుని గ్రిప్ కొంచెం కిందికి పట్టుకోండి" అన్నాడు. వుడ్ అంటే పెద్ద తల ఉన్న పొడవాటి క్లబ్బు. నేను వినలేదు. బంతి మోకాలి ఎత్తులో దూసుకుపోయి, గ్రీన్‌కు (గుంత చుట్టూ ఉన్న నున్నటి గడ్డికి) ముందున్న బండరాతికి తగిలి, నేను నిలబడ్డ వైపే సగం దూరం వెనక్కి వచ్చింది. అతను ఏమీ అనకుండా తువ్వాలుతో క్లబ్బు తుడిచి లోపల పెట్టేశాడు.

ఈ రెండు ఐరన్లనూ పట్టుబట్టి సాధన చేయాలా, లేక ఒక హైబ్రిడ్ (ఐరన్‌కూ వుడ్‌కూ మధ్య రకం క్లబ్బు) కొనుక్కోవాలా అన్నది నా ప్రశ్న. ఈ ఏడాది ఒకటి, మహా అయితే రెండు క్లబ్బులకు మించి కొనే ఉద్దేశం లేదు. అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెబితే సంతోషిస్తాను.

వాల్తేరు_గాలి:

గజం గారూ, ఈ ప్రశ్నకు ఈ రోజుల్లో అందరూ కళ్ళు మూసుకుని హైబ్రిడ్ కొనమనే చెబుతారు కాబట్టి, రెండో పక్షం మాట కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా అని రాస్తున్నాను. నేను విశాఖపట్నంలో ఆడతాను. ఉదయం పదకొండు దాటితే సముద్రం మీది గాలి ఎదురు తిరుగుతుంది. అటువంటప్పుడు హైబ్రిడ్‌తో ఎత్తుగా లేచిన బంతి గాలిలో నిలబడిపోయి, అనుకున్నదానికంటే ఇరవై గజాలు ముందే పడటం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. 3 ఐరన్‌తో తక్కువ ఎత్తులో కొట్టిన బంతి గాలి కిందుగా దూరిపోయి, నేల మీద పడ్డాక కూడా పరుగెడుతుంది.

2006లో ఇంగ్లండ్‌లోని హోయ్‌లేక్‌లో జరిగిన బ్రిటిష్ ఓపెన్ పోటీని గుర్తు చేసుకోండి. ఆ వేసవికి నేల ఎండి గట్టిపడి ఉండగా, టైగర్ వుడ్స్ నాలుగు రోజుల్లో డ్రైవర్‌ను (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్బును) ఒక్కసారే తీసి, టీ (హోల్ మొదలయ్యే చోటు) మీద నుంచి ఎక్కువగా పొడవాటి ఐరన్లతోనే ఆడి గెలిచాడు. రెండో రోజు 14వ హోల్‌లో అతను 4 ఐరన్‌తో కొట్టిన రెండో షాటు నేరుగా గుంతలోకి వెళ్ళింది. బంతి ఎంత ఎత్తుకు వెళ్ళాలో, ఎంత దొర్లాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ పొడవాటి ఐరన్ ఇచ్చినట్టుగా మరేదీ ఇవ్వదని నా అభిప్రాయం. సాధన లేకుండా పక్కన పెట్టేయకండి.

డాలస్_దివిటీ:

వాల్తేరు గారి ఉదాహరణ బాగుంది కానీ, వుడ్స్ చేతి వేగం వేరు, మన వేగం వేరు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

బంతి పైకి లేవడానికి రెండు కావాలి: క్లబ్బు ముఖం వంపు, అంటే లాఫ్ట్, ఒకటి, తగిలే వేగం రెండోది. 4 ఐరన్‌లో లాఫ్ట్ తక్కువ కాబట్టి ఆ లోటును వేగంతో పూడ్చాలి. వేగం చాలకపోతే బంతికి ఎత్తూ రాదు, దాన్ని గాలిలో నిలిపే వెనక్కి తిరుగుడూ రాదు. పైగా సన్నటి ఐరన్ తలలో బరువంతా ముఖానికి దగ్గరగా ఉంటుంది. హైబ్రిడ్ తల లోపల బోలుగా ఉండి, బరువు కిందికీ వెనక్కీ జరిగి ఉంటుంది. అందువల్ల అదే లాఫ్ట్‌తో కూడా బంతి ఎక్కువ కోణంలో బయలుదేరుతుంది. ముఖం అంచుకు తగిలినా తల అంతగా మెలి తిరగదు కనుక దూరం పెద్దగా పోదు. దానికి తోడు హైబ్రిడ్ షాఫ్ట్ (క్లబ్బు కర్ర) అదే నంబరు ఐరన్ కంటే అరంగుళం నుంచి అంగుళంన్నర దాకా పొడవుగా ఉంటుంది కాబట్టి వేగం కూడా కాస్త పెరుగుతుంది.

గజం గారూ, మీ సెట్టులో నంబర్లు కాకుండా లాఫ్ట్‌లు ఎన్నెన్ని డిగ్రీలో చెప్పగలరా? అవి తెలియకుండా సలహా ఇవ్వడం జాతకం చూడకుండా ముహూర్తం పెట్టడం లాంటిది.

గోల్కొండ_గజం:

దివిటీ గారూ, ఈ రోజు కొలిపించాను. 3 ఐరన్ 21, 4 ఐరన్ 24, 5 ఐరన్ 27, 6 ఐరన్ 31, 7 ఐరన్ 35, పిచింగ్ వెడ్జ్ 48 డిగ్రీలు. వీటితో పాటు డ్రైవర్, 3 వుడ్, 18 డిగ్రీల 5 వుడ్, 56, 60 డిగ్రీల వెడ్జ్‌లు, పటర్ (గ్రీన్ మీద బంతిని దొర్లించేది) ఉన్నాయి. సరిగ్గా పద్నాలుగు.

బొల్లారం_పెద్దాయన:

దివిటీ గారు నంబరును వదిలి లాఫ్ట్ అడగడం చూసి ముచ్చటేసింది. నాకు 71 ఏళ్ళు. కొయ్య తలల డ్రైవర్లతో మొదలుపెట్టిన వాణ్ణి. 1970లలో 7 ఐరన్ అంటే 38 డిగ్రీల చుట్టూ ఉండేది. ఇప్పుడు కొత్తగా ఆడేవారి కోసం చేసే సెట్లలో 7 అని చెక్కి ఉన్న క్లబ్బు 28, 29 డిగ్రీలు ఉంటోంది. అంటే మా కాలపు 4 ఐరన్ మీద 7 అని రాసి అమ్ముతున్నారు. మనవడు నాకంటే 7 ఐరన్‌తో ముప్పై గజాలు ఎక్కువ కొడుతున్నాడని మురిసిపోయే తాతయ్యలందరూ ఒకసారి ఇద్దరి క్లబ్బులనూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. గజం గారి సెట్టు మాత్రం పాత మర్యాద కొంత నిలుపుకున్నదే.

ఇక పొడవాటి ఐరన్ల గొప్పతనం మాటకొస్తే, మాకు 1 ఐరన్ ఉండేది. 1950లో మెరియన్‌లో జరిగిన యూఎస్ ఓపెన్ చివరి హోల్‌లో బెన్ హోగన్ దానితోనే గ్రీన్ చేరుకుని, మరునాటి ప్లే ఆఫ్‌కు (సమాన స్కోరు వచ్చినవారి మధ్య నిర్ణాయక ఆటకు) నిలిచి గెలిచాడు. అంతకు ముందటి ఏడాదే బస్సు ఢీకొన్న ప్రమాదంలో ఆయన ప్రాణాలతో బయటపడ్డాడు. 1972 యూఎస్ ఓపెన్‌లో పెబుల్ బీచ్‌లోని 17వ హోల్ దగ్గర జాక్ నిక్లాస్ ఎదురుగాలిలో 1 ఐరన్‌తో కొట్టిన బంతి జెండా కర్రకే తగిలి గుంత పక్కన ఆగింది. ఆ రెండు షాట్ల గురించి ఇప్పటికీ ఎందుకు చెప్పుకుంటున్నామంటే, మిగతా అందరూ ఆ క్లబ్బుతో ఎప్పుడూ తప్పులే కొట్టారు కాబట్టి. నేను పన్నెండేళ్ళు మోశాను. బాగా తగిలిన షాట్లు వేళ్ళ మీద లెక్కపెట్టగలను, అందులోనూ ఒక చెయ్యి మిగులుతుంది.

రెండో_గుంత:

మగవారి చర్చలో ఒక మాట. నేను బెంగళూరులో ఆడే తెలుగు అమ్మాయిని, నా బ్యాగులో 7 కంటే చిన్న నంబరు ఐరన్ ఒక్కటీ లేదు. 4, 5, 6 మూడూ హైబ్రిడ్‌లే. మా వాళ్ళలో దీన్ని ఎవరూ చిన్నతనంగా అనుకోరు. మా ఊరి అదితి అశోక్ టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచినప్పుడు, పోటీలో చాలామంది కంటే తక్కువ దూరం కొడుతూ, ఇతరులు చిన్న ఐరన్లతో చేరే గ్రీన్లకు తాను అంతకంటే పొడవాటి క్లబ్బులతో చేరుతూనే చివరి రోజు వరకు పతకం ఆశ నిలిపింది. మన క్లబ్ హౌసుల్లో మాత్రం యాభై దాటిన మగవారు బ్యాగులో 3 ఐరన్‌ను అత్తవారు పెట్టిన వాచీలా దాచుకుంటారు. అది నడవదు, అయినా తీయరు.

వాల్తేరు గారు ఏమీ అనుకోవద్దు, మీ గురించి కాదు.

వాల్తేరు_గాలి:

అనుకోవడానికేమీ లేదమ్మా, నాకు వాచీ అత్తవారు పెట్టలేదు. అయినా నా హ్యాండిక్యాప్ 6, నా 7 ఐరన్ 160 గజాలు వెళుతుంది. నేను చెప్పింది నాకు సరిపోయే మాటే అని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. గజం గారి 7 ఐరన్ దూరం తెలిస్తే మాట మార్చుకోవడానికి సిద్ధం.

షాఫ్ట్_వైద్యుడు:

నేను హైదరాబాదులో క్లబ్బులు సరిచేసే పని, కొలతలు చూసి అమర్చే పని చేస్తాను కనుక ఈ ప్రశ్న వారానికి ఒకసారైనా వింటాను. ఎవరికైనా ముందు చేయించేది ఒక్కటే పరీక్ష. లాంచ్ మానిటర్ (బంతి వేగం, కోణం, దూరం కొలిచే యంత్రం) దగ్గర నిలబడి 6 ఐరన్, 5, 4, 3, ఆ తరువాత ఒక హైబ్రిడ్, ఒక్కొక్కదానితో పది బంతులు కొట్టండి. వాటిలో మీకు నచ్చిన ఒక్కటి చూడకుండా మొత్తం పది సగటు చూడండి. దొర్లిన దూరం వదిలేసి గాలిలో వెళ్ళిన దూరం రాసుకోండి. దానితో పాటు శిఖరం ఎత్తు, నేలకు దిగే కోణం రాసుకోండి.

ఒక క్లబ్బు దాని కింది క్లబ్బు కంటే గాలిలో కనీసం పది గజాలు ఎక్కువ పోకపోతే, దాని మీద ఏ నంబరు ఉన్నా, అది మోత తప్ప ఆయుధం కాదు. నియమాల ప్రకారం పద్నాలుగే అనుమతి కాబట్టి ఒక దండగ క్లబ్బు అంటే పనికొచ్చే మరో క్లబ్బు ఇంట్లో ఉండిపోయిందనే అర్థం. దిగే కోణం కూడా అంతే ముఖ్యం. బంతి 30 డిగ్రీల లోపు కోణంలో గ్రీన్ మీద పడితే అవతలి అంచు దాటి పోతుంది. 40 దాటితే ఆగే అవకాశం ఉంటుంది.

హైబ్రిడ్ కొనేటప్పుడు నంబరుకు నంబరు మార్చడం చాలామంది చేసే పొరపాటు. షాఫ్ట్ పొడవు వల్ల 4 హైబ్రిడ్ మీ 4 ఐరన్ కంటే దూరం పోవచ్చు, అప్పుడు 5 ఐరన్‌కూ దానికీ మధ్య ఇరవై గజాల గొయ్యి ఏర్పడుతుంది. పూడ్చవలసింది దూరాల మధ్య ఖాళీని, నంబర్ల మధ్య ఖాళీని కాదు.

గోల్కొండ_గజం:

వైద్యులు గారూ, మీరు చెప్పినట్టే నిన్న సాయంత్రం ఒక రేంజిలో (సాధన మైదానంలో) యాభై బంతులు కొట్టాను. సగటులు ఇవి.

6 ఐరన్ గాలిలో 145 గజాలు, ఎత్తు 66 అడుగులు, దిగే కోణం 41 డిగ్రీలు. 5 ఐరన్ 152 గజాలు, 60 అడుగులు, 38 డిగ్రీలు. 4 ఐరన్ 155 గజాలు, 47 అడుగులు, 32 డిగ్రీలు. 3 ఐరన్ 151 గజాలు, 36 అడుగులు, 27 డిగ్రీలు. అక్కడ చూడటానికి ఉంచిన 22 డిగ్రీల హైబ్రిడ్‌తో 166 గజాలు, 68 అడుగులు, 39 డిగ్రీలు.

3 ఐరన్ నా 5 ఐరన్ కంటే ఒక గజం తక్కువ వెళుతోంది! నాలుగేళ్ళుగా నేను మోసింది ఏమిటో తెర మీద చూసేసరికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాల్తేరు గారూ, నా 7 ఐరన్ 135 గజాలు.

వాల్తేరు_గాలి:

మాట మార్చుకున్నాను. 3, 4 రెండూ అటక మీదికి పంపండి. అయితే ఒక్క సందర్భంలో నా వాదన వదులుకోను. ఏప్రిల్, మే నెలల్లో మన నేలలు రాతిలా బిగుసుకున్నప్పుడు, గడ్డి లేని చోట బంతి పడి ఉంటే, హైబ్రిడ్ వెడల్పాటి అడుగు భాగం నేలకు తగిలి ఎగిరి, బంతి నడుముకు తగులుతుంది. సన్నటి అడుగున్న ఐరన్ అక్కడ శుభ్రంగా బంతిని తీసుకుంటుంది.

డాలస్_దివిటీ:

అది నిజమే, టెక్సస్‌లోనూ ఆగస్టులో అదే పరిస్థితి. కానీ దానికి వ్యతిరేక సందర్భమే ఎక్కువసార్లు ఎదురవుతుంది. మీ దగ్గరా మా దగ్గరా ఎక్కువగా ఉండేది బెర్ముడా గడ్డి. అది బలంగా అల్లుకుని పెరుగుతుంది, రఫ్‌లో (పక్కన పెరిగిన ఎత్తు గడ్డిలో) పడ్డ బంతి దాని మీద కూర్చోకుండా లోపలికి దిగిపోతుంది. వానాకాలంలో తడిసినప్పుడు చెప్పనే అక్కరలేదు. అందులోంచి పొడవాటి ఐరన్‌తో కొడితే గడ్డి పోచలు షాఫ్ట్ మొదలుకు చుట్టుకుని ముఖాన్ని మూసేస్తాయి, బంతి ఎడమకు, నేలబారుగా పోతుంది. హైబ్రిడ్ గుండ్రటి తల గడ్డిని పక్కకు తోసుకుంటూ జారుతుంది.

మరీ లోతుగా దిగిన బంతికి హైబ్రిడ్ కూడా పనికిరాదు. అక్కడ 9 ఐరన్ తీసి ఫెయిర్‌వేకు (కత్తిరించిన గడ్డి దారికి) రావడమే తెలివి.

బొల్లారం_పెద్దాయన:

హైబ్రిడ్‌తో ఇంకో ప్రయోజనం ఉంది, ఎవరూ చెప్పలేదు. 2004లో రాయల్ ట్రూన్‌లో టాడ్ హామిల్టన్ నాలుగు హోళ్ళ ప్లే ఆఫ్‌లో ఎర్నీ ఎల్స్‌ను ఓడించి బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. చివరి హోల్‌లో గ్రీన్ ముందు నుంచి వెడ్జ్ తీయకుండా, హైబ్రిడ్‌ను పటర్‌లా పట్టుకుని బంతిని దొర్లించి గుంత పక్కకు చేర్చాడు. చేతులు వణికే వయసులో నాకు అదే ఆధారం. గ్రీన్ అంచున గడ్డి కాస్త ఎత్తుగా ఉన్నప్పుడు గ్రిప్ కిందికి పట్టుకుని, పటర్ ఊపినట్టే ఊపితే బంతి గడ్డి మీదుగా ఒక చిన్న గెంతు గెంతి, తరువాత బుద్ధిగా దొర్లుతుంది. మా గుంపులో ఇద్దరు నన్ను చూసి నేర్చుకుని ఇప్పుడు నా దగ్గరే పందెం గెలుస్తున్నారు.

గోల్కొండ_గజం:

మూడు వారాల తరువాత మళ్ళీ రాస్తున్నాను. వాడిన 22 డిగ్రీల హైబ్రిడ్ ఒకటి ఆన్‌లైన్‌లో మంచి ధరకు దొరికితే కొన్నాను. ఎత్తు, దూరం రెండూ వస్తున్నాయి. కానీ పదింట నాలుగు బంతులు ఎడమకు కొక్కెంలా తిరిగిపోతున్నాయి. నా డ్రైవర్ కుడికి పోతుంది, ఇది ఎడమకు పోతోంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. రేంజిలో ప్రయత్నించిన దానితో ఇలా జరగలేదు.

షాఫ్ట్_వైద్యుడు:

షాఫ్ట్ మీద రాసి ఉన్న బరువు చూసి చెప్పండి. మీ ఐరన్లలో స్టీలు షాఫ్ట్ ఎన్ని గ్రాములది?

గోల్కొండ_గజం:

ఐరన్లలో 120 గ్రాములు. హైబ్రిడ్‌లో 62 అని ఉంది. పొడవు కొలిస్తే నలభైన్నర అంగుళాలు వచ్చింది.

షాఫ్ట్_వైద్యుడు:

రోగం అక్కడే ఉంది. 5 ఐరన్ నుంచి హైబ్రిడ్‌కు వచ్చేసరికి మీ చేతికి షాఫ్ట్ బరువు సగానికి సగం తగ్గిపోతోంది. ఐరన్ ఊపిన అలవాటులో అదే తాళంతో ఊపితే తేలికపాటి షాఫ్ట్‌తో చేతులు శరీరం కంటే ముందు తిరిగిపోయి ముఖం మూసుకుంటుంది. పైగా చాలా హైబ్రిడ్‌ల తల కొంచెం నిటారుగా, ముఖం ఎడమకు చూసేలా తయారవుతుంది, ఎందుకంటే అవి కుడికి పోగొట్టుకునే వారి కోసం ఉద్దేశించినవి. 80, 85 గ్రాముల షాఫ్ట్ వేయించి, పొడవు అరంగుళం తగ్గిస్తే సగం సమస్య తీరుతుంది.

మిగతా సగం మీ చేతిలో ఉంది. బంతిని ఎడమ మడమకు ఎదురుగా పెట్టి వుడ్‌లా ఊడుస్తున్నారేమో చూసుకోండి. హైబ్రిడ్‌ను ఐరన్‌లాగే కొట్టాలి. బంతిని మడమకు రెండు బంతుల దూరం లోపలికి పెట్టి, ముందు బంతికి, ఆ తరువాత నేలకు తగిలేలా, బంతి ముందున్న గడ్డిని కొద్దిగా గీరేలా కొట్టండి. రేంజిలో చాప మీద ఈ తేడా తెలియదు, గడ్డి మీద సాధన చేయండి.

రెండో_గుంత:

ఒక చిన్న ఉపాయం నేను చెబుతాను. చాప తప్ప వేరే దిక్కు లేకపోతే, బంతికి నాలుగు వేళ్ళ ముందు ఒక రూపాయి బిళ్ళ పెట్టి, క్లబ్బు దాన్ని కూడా గీరుకుంటూ పోయేలా కొట్టి చూడండి. బిళ్ళ ఎగిరితే సరిగ్గా కొట్టినట్టు.

వాల్తేరు_గాలి:

అంటే రోజుకు యాభై రూపాయలు ఖర్చన్నమాట.

గోల్కొండ_గజం:

అందరికీ ధన్యవాదాలు. 82 గ్రాముల షాఫ్ట్ వేయించి, అరంగుళం కోయించాను. ఇంకా అప్పుడప్పుడు ఎడమకు పోతోంది కానీ పదింట ఒకటి, రెండుకు మించడం లేదు. రూపాయి బిళ్ళలు ఇప్పటికి మూడు పోయాయి.

మొన్న ఆదివారం అదే 165 గజాల పార్ 3. ఈసారి క్యాడీ నేను అడగకముందే హైబ్రిడ్ తొడుగు తీసి పట్టుకున్నాడు. బంతి బండరాయి మీదుగా ఎత్తుగా వెళ్ళి గ్రీన్ మధ్యలో పడి, వెనక అంచు దాకా పోయి ఆగింది. అక్కడి నుంచి గుంతలో వేయడానికి పటర్‌తో మూడు దెబ్బలు పట్టాయి, అది వేరే చర్చకు వదిలేద్దాం. 3, 4 ఐరన్లు బావగారికి తిరిగి ఇస్తానంటే, "నాకెందుకు, అందుకే కదా నీకిచ్చింది" అన్నారు.

ఇప్పుడు బ్యాగులో ఒక స్థానం ఖాళీగా ఉంది. 25 డిగ్రీల హైబ్రిడ్ కూడా తీసుకుని 5 ఐరన్‌ను పంపించేయనా, లేక ఈ మధ్య అందరూ చెబుతున్న 7 వుడ్ చూడనా?

షాఫ్ట్_వైద్యుడు:

రెండూ వద్దు. మీ 5 ఐరన్ 152, హైబ్రిడ్ 166 గజాలు. అక్కడ ఖాళీ లేదు. 5 ఐరన్ మీ 6 కంటే ఏడు గజాలే ఎక్కువ పోయి నా పది గజాల కొలతకు కాస్త తగ్గినా, 38 డిగ్రీలతో దిగే క్లబ్బును పంపవలసిన పనీ లేదు. మీరే ఇచ్చిన లెక్క ఒకసారి చూసుకోండి, పిచింగ్ వెడ్జ్ 48, దాని తరువాతిది 56. ఎనిమిది డిగ్రీల గొయ్యి అక్కడుంది. వంద గజాల లోపల మీరు రౌండుకు ఎన్నిసార్లు సగం స్వింగుతో తంటాలు పడుతున్నారో వచ్చే ఆదివారం లెక్కపెట్టి, 52 డిగ్రీల వెడ్జ్ కొనుక్కోండి.